ప్రాంతీయ జెట్ విమానము - పైలట్లు ఎరుగవలసిన హద్దులు

హద్దు అను మాట మన కళాశాలలోని రెండు భాషలకును ఉమ్మడి సొత్తు. అరబ్బీ పదమైన 'హద్' ఉర్దూలో నిలిచి, తెలుగు నోట హద్దుగా మారి, పొలము గట్లమీదను దస్తావేజులలోను స్థిరపడినది. చెక్కుబందిలో నాలుగు దిక్కుల హద్దులు వ్రాయనిదే ఏ భూమియు ఎవరిదో తేలదు. విమానమునకును అట్టి చెక్కుబంది యొకటి కలదు. ఎంత బరువుతో లేవవచ్చును, ఎంత వేగమును మించరాదు, ఎంత ఎత్తునకు పోవచ్చును, ఎంత గాలిలో దిగవచ్చును అను సంగతులన్నియు అందులో అంకెలుగా వ్రాయబడి యుండును. వీనినే విమానశాస్త్రములో ఆపరేటింగ్ లిమిటేషన్స్ అందురు. భౌతికశాస్త్రము చదువు విద్యార్థులకు ఈ అంకెల వెనుక నున్న కారణములు ఆసక్తికరముగా నుండునని తలచి ఈ వ్యాసమునకు పూనుకొంటిమి. భూమి హద్దు దాటినచో పొరుగువాడు వెంటనే తగవునకు వచ్చును. విమానపు హద్దు అట్లు కాదు. దాటిన తరువాత గూడ కొంతసేపు అంతయు సవ్యముగనే యున్నట్లు తోచును. ప్రమాదమంతయు అందులోనే యున్నది.

మాటలు గాలిలో తేలిపోకుండుటకు ఒక విమానమును ఉదాహరణగా తీసికొందము. కెనడా దేశపు బొంబార్డియర్ సంస్థ నిర్మించిన కెనడేర్ రీజనల్ జెట్‌ను క్లుప్తముగా సి.ఆర్.జె. అందురు. చిన్న పట్టణములను పెద్ద నగరములతో కలుపుటకై 50 మంది ప్రయాణికులు పట్టునట్లు దీనిని రూపొందించిరి. దీని తొలి నమూనా 1991 మే 10న గాలిలోనికి లేచెను. 1992లో జర్మనీకి చెందిన లుఫ్తాన్సా సిటీలైన్ దీనిని ప్రయాణికుల సేవలో ప్రవేశపెట్టెను. ఈ తరగతి విమానములు మనకును కొత్తవి కావు. ఎయిర్ సహారా సంస్థ సి.ఆర్.జె. 200 రకమునే మన దేశములో నడపెను. నేడు హైదరాబాదు నుండి చిన్న పట్టణములకు స్టార్ ఎయిర్ నడపు ఎంబ్రాయర్ విమానములు బ్రెజిల్ దేశములో తయారైనవైనను ఈ తరగతికి చెందినవే.

ప్రతి రకపు విమానమునకును ఆమోదము పొందిన ఫ్లయిట్ మాన్యువల్ అను గ్రంథము ఉండును. నిర్మాణ సంస్థ పరీక్షలు చేసి చూపును. ప్రభుత్వపు విమానయాన శాఖ వానిని పరిశీలించి ఆమోదించును. ఆ గ్రంథములో పరిమితుల అధ్యాయమునకు ప్రత్యేక స్థానము కలదు. తక్కిన అధ్యాయములలోని కొన్ని మాటలు సలహాలు. ఈ అధ్యాయములోనివి మాత్రము చట్టముతో సమానము. పైలట్లు వీనిని, చిన్నప్పుడు మనము ఎక్కములను వల్లె వేసినట్లు, కంఠస్థము చేయుదురు. పరీక్షకుడు నిద్రలో లేపి అడిగినను చెప్పవలెనని వారిలో ఒక వాడుక. కంఠస్థము చేయుట అవసరమే. దానిని మేము చిన్నచూపు చూడము. అయితే అంకె తెలియుట వేరు, హద్దు తెలియుట వేరు. ఈ తేడా ఎంతటిదో ముందు చెప్పబోవు ఉదంతమువలన తేటపడగలదు.

మొదట కొన్ని సామాన్యపు హద్దులు. సి.ఆర్.జె. 200లో దూరప్రయాణపు రకమునకు నేల విడుచునప్పటి గరిష్ఠ బరువు 24,040 కిలోగ్రాములు. నేలకు దిగునప్పుడు 21,319 కిలోగ్రాములు. ఇంధనమును లెక్కింపకుండ విమానము, మనుష్యులు, సామాను కలిపి 19,958 కిలోగ్రాములు. ఒకే విమానమునకు మూడు బరువులేల? దిగునప్పుడు చక్రములు నేలను తాకుటలో దెబ్బ తగులును. దిగు బరువుతో ఉన్నప్పుడు సెకనుకు 10 అడుగుల చొప్పున క్రిందికి వచ్చి తాకినను తట్టుకొనునట్లు, లేచు బరువుతో నున్నప్పుడు సెకనుకు 6 అడుగులకు మాత్రమే తట్టుకొనునట్లు నిర్మింపవలెనని నియమము. అందుచేత రెండు అంకెలు.

మూడవ అంకె మరింత సొగసైనది. ఇద్దరు మనుష్యులు ఒక బొంగును భుజములమీద పెట్టుకొని నడుమ బరువు వ్రేలాడదీసినచో బొంగు నడుమ వంగును. అదే బరువును కొంత వారి భుజముల దాపునకు జరిపినచో వంపు తగ్గును. విమానములో రెండు రెక్కలును ఆ ఇద్దరు మనుష్యులు. నడుమ వ్రేలాడు బరువు విమానపు మొండెము. రెక్కలలో నింపిన ఇంధనము భుజముల దాపునకు జరిపిన బరువు వంటిది. అది రెక్కల మొదళ్ళలోని వంపును తగ్గించును. ఇంధనము లేని బరువు మొండెములో హెచ్చినకొలది రెక్క మొదలు ఎక్కువ శ్రమపడును. కనుక ఇంధనముతో కలిపిన మొత్తము బరువు హద్దులో ఉన్నంతమాత్రమున చాలదు. ఆ బరువు ఎక్కడ నున్నదో గూడ చూడవలెను.

గ్రంథములోని గరిష్ఠ బరువు ఏనాటికైనను మించరానిదే కాని, ప్రతినాడును తగినది కాదు. ఆనాటి ఎండ, విమానాశ్రయపు ఎత్తు, రన్‌వే పొడవు కలిసి ఆనాటి హద్దును నిర్ణయించును. 2006 ఆగస్టు 27న అమెరికాలోని లెక్సింగ్టన్‌లో తెల్లవారకముందే బయలుదేరిన కామ్‌ఎయిర్ సంస్థ సి.ఆర్.జె. విమానమునకు బరువు సరిగనే యున్నది. కాని పైలట్లు 7,003 అడుగుల రన్‌వేకు బదులు 3,500 అడుగుల చిన్న రన్‌వేపైకి పోయిరి. విమానములోని 50 మందిలో 49 మంది మరణించిరి. బరువు మారలేదు, యంత్రము మారలేదు. ఆ బరువునకు కావలసిన నేల మాత్రము లేకపోయెను.

వేగపు హద్దులును ఇట్టివే. చక్రములు దించుటకు 250 నాట్‌ల వరకు అనుమతి కలదు. పైకి ముడుచుటకు 200 నాట్‌లే. (ఒక నాట్ అనగా గంటకు 1.852 కిలోమీటర్లు.) ఫ్లాపులను 30 డిగ్రీలు దించినప్పుడు 185 నాట్‌లు, 45 డిగ్రీలు దించినప్పుడు 170 నాట్‌లు మించరాదు. 15,000 అడుగులకు పైన ఫ్లాపులను తాకనేరాదు. వెనుక నుండి వీచు గాలి 10 నాట్‌లను మించినచో లేవరాదు, దిగరాదు. వీనిని గూర్చి ఇంతకంటె వ్రాయనక్కరలేదు. గాలి తాకిడికి లోహము ఎంత ఓర్చుకొనునో అంతయే వీని అర్థము.

మొత్తము విమానమునకు గరిష్ఠవేగము మాత్రము రెండు విధములుగా చెప్పబడినది: 335 నాట్‌లు, లేదా మాక్ 0.85. మాక్ అనగా ఆ చోటి శబ్దవేగముతో విమాన వేగమునకు గల నిష్పత్తి. క్రింద దట్టమైన గాలిలో నాట్‌ల హద్దు ముందుగా తగులును. పైకి పోయినకొలది మాక్ హద్దు ముందుగా వచ్చును. 41,000 అడుగుల యెత్తున మాక్ 0.85 అనగా వేగమాపకములోని ముల్లు సుమారు 250 నాట్‌ల దగ్గరనే నిలుచును. అనగా పై హద్దు క్రిందికి దిగివచ్చుచున్నది. క్రింది హద్దో? విమానము ఎంత నెమ్మదిగా పోయినచో రెక్క గాలి పట్టు తప్పునో ఆ వేగమే క్రింది హద్దు. ఈ పట్టు తప్పుటను స్టాల్ అందురు. ఎత్తు హెచ్చినకొలది ఈ రెండు హద్దులును ఒకదాని నొకటి సమీపించును. నేలకు దగ్గరగా విశాలమైన పొలమువలె నున్నది పైన సన్నని గట్టు అగును. గట్టుమీద నడుచువానికి ఎడమ కుడి రెండును చూచుకొనవలసి యుండును.

ఇక అసలు విషయమునకు వత్తము. సి.ఆర్.జె. 200 ఎగురదగిన గరిష్ఠ ఎత్తు 41,000 అడుగులు, అనగా పన్నెండున్నర కిలోమీటర్లు. ఎవరెస్టు శిఖరముమీద దానిలో సుమారు ఐదింట రెండు వంతులను పెట్టినట్లనుకొనవచ్చును. అక్కడి గాలి సాంద్రత సముద్రమట్టపు గాలిలో నాలుగవవంతు కంటె గూడ కొంచెము తక్కువ. ఈ అంకె గ్రంథములో ముద్రింపబడి యున్నది. అయితే అంత ఎత్తునకు ప్రతి విమానమును, ప్రతి బరువుతోను, ప్రతి ఉష్ణోగ్రతలోను పోగలదని ఆ అంకెకు అర్థము కాదు. అంతకు పైన పోరాదు అనియే అర్థము. ఆనాటి బరువునకును వెలుపలి ఉష్ణోగ్రతకును విమానము ఎంత ఎత్తు ఎక్కగలదో చెప్పుటకు వేరు పట్టికలు కలవు. ఎక్కునప్పుడు ఏ వేగమును కాపాడవలెనో చెప్పుటకు వేరు నియమములు కలవు. హద్దు అనునది ఈ అంకెలన్నిటి కలయిక.

2004 అక్టోబరు 14 రాత్రి అమెరికాలోని పినకిల్ ఎయిర్‌లైన్స్ 3701వ సంఖ్య గల సి.ఆర్.జె. 200 విమానము లిటిల్ రాక్ నగరము నుండి మినియాపొలిస్‌కు బయలుదేరెను. మరునాటి ప్రయాణమునకై విమానమును అచ్చటికి చేర్చుటయే పని. ప్రయాణికులు లేరు. ఉన్నది ఇద్దరు పైలట్లే. కెప్టెనునకు 31 ఏండ్లు, రెండవవానికి 23 ఏండ్లు. ప్రయాణ ప్రణాళికలో నిర్ణయించిన ఎత్తు 33,000 అడుగులు. ఆ సంస్థ పైలట్లలో కొందరిమధ్య నలుబది యొక్క వేల అడుగులు ముట్టివచ్చినవారిది ఒక కూటమి అను సరదా మాట వాడుకలో నుండెను. ఈ ఇద్దరును ఆ ఎత్తునకు పోవుటకు అనుమతి కోరిరి, లభించెను. ఆ ఎత్తున ఈ రకపు విమానము నెన్నడును చూడలేదని నేలమీది కంట్రోలరు ఆశ్చర్యపడగా, ప్రయాణికులు లేరు గనుక కొంచెము సరదాకై వచ్చితిమని వారు బదులిచ్చిరి.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. వారు 41,000 అను అంకెను దాటలేదు. ఆ అంకె తెలియకపోవుట చేత గాదు, తెలిసియుండుట చేతనే అచ్చటికి పోయిరి. మరి ఎక్కడ తప్పినది?

పైకి ఎక్కునప్పుడు ఆటోపైలట్‌కు ఇంత నిలువు వేగముతో ఎక్కుమని చెప్పవచ్చును. లేదా ఇంత ముందు వేగమును కాపాడుచు ఎక్కగలిగినంత ఎక్కుమని చెప్పవచ్చును. ఆ రాత్రి మొదటి పద్ధతిలో నిమిషమునకు 500 అడుగుల చొప్పున ఎక్కుమని నియమించిరి. ఆటోపైలట్ చెప్పినపని తప్పక చేయు సేవకుడు. పలుచని గాలిలో ఇంజనుల శక్తి చాలనప్పుడు, ఎక్కుడును నిలుపుటకై అది ముక్కును పైకెత్తుచు ముందు వేగమును ఖర్చుపెట్టెను. జీతము చాలనివాడు ఇంటి వెండిని అమ్మి పండుగ చేసినట్లు. ఇల్లు పైకి కళకళలాడుచునే యుండును. 41,000 అడుగులు చేరునప్పటికి వేగమాపకములో 163 నాట్‌లు మాత్రమే మిగిలెను. మాక్ సంఖ్యలో 0.57. ఆ ఎత్తున స్థిమితముగా ఎగురుటకు మాక్ 0.7 ప్రాంతపు వేగమైనను ఉండవలెను.

విద్యార్థులు ఇచ్చట ఒక సందేహము అడుగవచ్చును: వేగము తగ్గినచో ఇంజనుల శక్తి పెంచరాదా? నేలకు దగ్గరైనచో పెంచవచ్చును. విమానమును వెనుకకు లాగు గాలి నిరోధము ఒక వేగము వద్ద అతి తక్కువగా నుండును. ఆ వేగమునకు పైన ఎంత వేగము హెచ్చిన నిరోధము అంత హెచ్చును. ఇది మనకు సహజముగా తోచును. కాని ఆ వేగమునకు క్రింద ఎంత నెమ్మదించిన నిరోధము అంత హెచ్చును. ఇది మొదట వింతగా తోచును. నెమ్మదిగా పోవు రెక్క అదే బరువును మోయుటకు గాలికి ఎక్కువ ఎదురొడ్డి నిలువవలసి యుండుటయే దీనికి కారణము. ఒకసారి ఈ వైపునకు జారిన విమానమును తిరిగి వేగమునకు తెచ్చుటకు మిగులు శక్తి కావలెను. నాలుగవవంతు గాలిలో ఇంజనుల వద్ద ఆ మిగులు లేదు. ముక్కు దించి ఎత్తును వదులుకొనుట యొక్కటే మార్గము. వదులుకొనుటకు వారు సిద్ధముగా లేరు. ఎంతో ముచ్చటపడి చేరుకొన్న ఎత్తు అది. పైకి ఎగబ్రాకిన విమానము ఆ సన్నని గట్టుమీద కొద్ది నిమిషములు నిలిచెను. వేగము ఇంకను జారుచుండెను.

స్టాల్ సమీపించినప్పుడు పైలట్ చేతిలోని దండము గడగడ వణకునట్లు ఏర్పాటు కలదు. దానిని స్టిక్ షేకర్ అందురు. అప్పటికిని వినకపోయినచో స్టిక్ పుషర్ అను యంత్రము దండమును తానై ముందుకు నెట్టి ముక్కును దించును. ఈ విమానములో తోక రెక్క నిలువు తోకకు పైకొనన ఉండుటచేత, లోతైన స్టాల్‌లో చిక్కినచో తిరిగి బయటపడుట కష్టము. అందువలననే ఈ పుషర్. దండము వణకెను, యంత్రము నెట్టెను. పైలట్లు వెనుకకు లాగిరి. మరల నెట్టెను, మరల లాగిరి. ఇట్లు పలుమారులు జరిగెను. ఇంజనులు రెక్కల వెనుక, మొండెమునకు ఇరువైపుల అతుకబడి యున్నవి. స్టాల్ అయిన రెక్కమీదుగా వచ్చు చెదరిన గాలి ఇంజనుల నోటిలో పడెను. రెండు ఇంజనులును ఆరిపోయెను.

ఇంతవరకు జరిగినదానికి మందు కలదు. ఇంజనులు లేకున్నను అంత ఎత్తున నున్న విమానము చాలదూరము తేలిపోగలదు. దిగదగిన విమానాశ్రయములు ఆ పరిసరములలో అనేకము లుండెను. ఇంజనులను తిరిగి వెలిగించుటకును రెండు మార్గములు గ్రంథములో నున్నవి. మొదటిది, 21,000 అడుగులకు క్రింద కనీసము 300 నాట్‌ల వేగముతో దూకి, ఎదురుగాలితోనే ఇంజనును గాలిమరవలె త్రిప్పి వెలిగించుట. రెండవది, 13,000 అడుగులకు దిగిన తరువాత తోకలోని చిన్న సహాయక ఇంజను గాలితో వెలిగించుట. అందాక వేగమును 240 నాట్‌లకు తగ్గనీయరాదని గూడ ఆ జాబితాలో నుండెను. వారు ముక్కు దించిరి గాని అందుకొన్న గరిష్ఠవేగము 236 నాట్‌లు. పిదప మొదటి మార్గమును విడిచి, వేగము తగ్గించి, రెండవ మార్గమునకై ఎదురుచూచిరి. ఒక్క ఇంజను మాత్రమే ఆగినదని మొదట కంట్రోలరుకు తెలిపిరి. రెండును ఆగినవను సత్యము చాలసేపటికిగాని వారి నోట వెలువడలేదు.

240 అను ఆ చిన్న అంకెలో ఏమున్నది? జెట్ ఇంజనులో కోర్ అనబడు లోపలి భాగము మిక్కిలి వేడితో పనిచేయును. తిరుగు భాగములకును తిరుగని భాగములకును నడుమ గాలి కారకుండుటకై అతి సన్నని సందులతో సీళ్ళు అమర్చియుందురు. అధిక శక్తితో పనిచేయుచున్న ఇంజను అకస్మాత్తుగా ఆరిపోయినప్పుడు అన్ని భాగములును ఒకే తీరున చల్లారవు. కొన్ని త్వరగా ముడుచుకొనును, కొన్ని ఆలస్యముగా. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో వేడి గోళము వలయములో దూరక, చల్లారిన తరువాత దూరుట మన విద్యార్థులు చూచియేయున్నారు. ఇచ్చట గోళమునకు బదులు వలయమే ముందుగా చల్లారిన ఏమగును? బిగిసిపోవును. వేగముగా పోవుచు గాలి చేత ఇంజనును త్రిప్పుచునే యున్నచో ఆ బిగింపు ఏర్పడదు. వేగము తగ్గి తిరుగుట నిలిచినచో లోపలి భాగము అతుక్కొనును. దీనిని కోర్ లాక్ అందురు. 240 నాట్‌లు ఆ తిరుగుటను నిలుపు వేగము.

13,000 అడుగులకు దిగిన తరువాత సహాయక ఇంజనుతో నాలుగుమారులు, ఒక్కొక్క ఇంజనునకు రెండేసిమారులు, ప్రయత్నించిరి. లోపలి భాగము కదలలేదు. ఇంజనులు ఆరిన సుమారు 20 నిమిషములకు, మిస్సోరి రాష్ట్రములోని జెఫర్సన్ సిటీ విమానాశ్రయమునకు సుమారు రెండున్నర మైళ్ళ ఇవతల, ఇండ్ల నడుమ విమానము కూలెను. పైలట్లిద్దరును మరణించిరి. నేలమీద ఎవరికిని ప్రాణహాని కలుగలేదు.

అమెరికా నేషనల్ ట్రాన్స్‌పోర్టేషన్ సేఫ్టీ బోర్డు 2007 జనవరిలో తన తీర్పు వెలువరించెను. పైలట్ల వృత్తిధర్మమునకు తగని ప్రవర్తన, నియమములను విడిచి నడచుకొనుట, విమాననైపుణ్యపు లోపము, దిగుటకు సకాలములో సిద్ధపడకపోవుట, ఇంజనులు ఆగినప్పుడు పాటింపవలసిన జాబితాను సరిగా నడపకపోవుట కారణములని చెప్పెను. అంతటితో ఆగలేదు. ఇంజనులోని కోర్ లాక్ స్థితియు, లోపలి భాగము తిరుగుచుండుటకు కనీస వేగమును నిలుపుట ఎంత ముఖ్యమో పైలట్లకు తెలియజెప్పని ఫ్లయిట్ మాన్యువల్‌ను గూడ తోడ్పడిన కారణములుగా పేర్కొనెను.

ఈ రెండవ భాగము మమ్ము ఎక్కువగా ఆలోచింపజేసినది. చనిపోయిన యువకులను నిందించుట సులభము. వారి సరదాను మేము సమర్థింపము. కాని అంకె వ్రాసి, కారణము వ్రాయని గ్రంథము సగమే వ్రాయబడినదని మా అభిప్రాయము. వేగము 240 అని జాబితాలో ఉండుట ఒకటి. అంతకు తగ్గినచో ఇంజను బిగిసి మరల తిరుగదని అదే జాబితాలో ఉండుట మరొకటి. మొదటిది చదివినవాడు, చేతినిండ పని యున్న ఆ చీకటిరాత్రిలో, నాలుగు నాట్‌లు తక్కువైన నేమి అనుకొనవచ్చును. రెండవది చదివినవాడు అట్లనుకొనడు. తరగతిలో సూత్రము అడిగినచో ఠక్కున చెప్పి, అది ఎందువలన అని అడిగినచో కిటికీవైపు చూచు విద్యార్థులు మనకు లేకపోలేదు. వారికి మార్కులిచ్చు ప్రశ్నపత్రములు తయారుచేయువారమును మనమే గనుక, ఈ మాటను కళాశాల కమిటీవారును చెవిని పెట్టవలెనని మనవి.

ఆ దుర్ఘటన తరువాత ఆ సంస్థ తన విమానముల గరిష్ఠ ఎత్తును 37,000 అడుగులకు తగ్గించుకొనెను. నిర్మాణ సంస్థ ఆమోదించిన అంకె 41,000గానే యున్నను, తన పైలట్ల అనుభవమును బట్టి సంస్థ తన హద్దును దానికి లోపలనే గీసికొనవచ్చును, దాటి గీయరాదు. ఎత్తైన గాలిలో విమానము ప్రవర్తించు తీరును గూర్చి పైలట్లకు శిక్షణ హెచ్చింపవలెనని బోర్డు కోరెను.

అంకెలేని హద్దు ఒకటి గూడ ఈ విమానమునకు కలదు. జెఫర్సన్ సిటీ దుర్ఘటన జరిగిన 38 రోజులకు, 2004 నవంబరు 21న, చైనాలోని బావోతౌ విమానాశ్రయము నుండి షాంఘైకి బయలుదేరిన చైనా ఈస్టర్న్ సంస్థ సి.ఆర్.జె. 200 విమానము లేచిన కొద్ది క్షణములకే ఉద్యానవనములోని చెరువులో కూలెను. విమానములోని 53 మందియు మరణించిరి. రాత్రియంతయు ఆరుబయట నిలిచిన ఆ విమానపు రెక్కలమీద మంచు పేరుకొని యుండెను. దానిని తొలగింపకయే బయలుదేరిరి. సి.ఆర్.జె. 200 రెక్కకు ముందంచున స్లాట్లు, అనగా నెమ్మదివేగములో గాలి పట్టును నిలుపు కదలు పలకలు, లేవు. అట్టి రెక్క నున్నగా నున్నంతసేపు చక్కగా పనిచేయును. గరుకుకాగితమంత మంచుపొర పట్టినను, స్టాల్ వేగము లెక్కవేసినదానికంటె ముందే వచ్చిపడును. ఆ ఉదయము బరువు, వేగము, ఎత్తు అను అంకెలనన్నిటిని వరుసగా వల్లెవేసినను ఆ మంచు వానిలో కనబడదు.

మంచు పలుచనైనప్పుడు కంటికి గూడ కనబడదు. తెల్లని రంగు వేసిన రెక్కమీద మరియు కష్టము. అందుచేత 2005లో కెనడా, అమెరికా విమానయాన శాఖలు ఈ విమానపు పరిమితుల అధ్యాయములోనే ఒక నియమమును చేర్పించెను. వెలుపలి ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ గాని అంతకు తక్కువ గాని యున్నప్పుడు, లేదా రెక్కలోని ఇంధనము సున్న డిగ్రీలకు చల్లబడినప్పుడు, లేదా మంచు పట్టు వాతావరణ ముండినప్పుడు, రెక్క ముందంచును పైతలమును కంటితో చూచుట చాలదు. చేతితో తడిమి చూడవలెను. ఇంధనమును గూర్చిన మాట అందులో ఊరక చేర్చినది కాదు. గంటల తరబడి ఎత్తున ఎగిరి వచ్చిన విమానపు రెక్కలలో ఇంధనము గడ్డకట్టు చలిలో ఉండును. నేలమీద తేమగల గాలి తగిలినచో, వెలుపల అంత చలి లేకున్నను ఆ రెక్కమీద మంచు పట్టగలదు. ఈ జాతిలోనే పిదప వచ్చిన సి.ఆర్.జె. 700కు రెక్క ముందంచున స్లాట్లు అమర్చిరి. మన అలయన్స్ ఎయిర్ కొన్నేండ్లు నడపినవి ఆ రకపు విమానములే.